సైరన్ బండి ముందు ఉరికేటోళ్లు

(నల్గొండల రోడ్డు భద్రతా మాసం మీటింగుల ఆటో డ్రైవర్లు, స్కూల్ బస్సు డ్రైవర్లు, డిగ్రీ కాలేజీ పిల్లలతోటి ఒక రిటైర్డ్ ట్రాఫిక్ ఏఎస్సై మాట్లాడింది. రికార్డింగు విని ఉన్నదున్నట్టు టైపు చేసినం.)

అందరికీ నమస్తే. కూసోండ్రి, వెనక నిలబడ్డ తమ్ముళ్లు కూడ కూసోండ్రి, నేనేం పెద్ద మీటింగు పెట్టను. నన్ను పిలిచినోళ్లు హెల్మెట్ గురించి చెప్పు, తాగి నడుపుడు గురించి చెప్పు అన్నరు, అవన్నీ నాకన్నా ముందు మాట్లాడిన సార్లు చెప్పేసిండ్రు, మళ్ల అదే చెప్తే మీరు నిద్రపోతరు, మీకన్నా ముందు నేను పోత. అందుకే ఒక్కటే ముచ్చట పట్టుకొచ్చిన. అంబులెన్సుకు దారి ఇచ్చుడు. ఇంకా సరిగ్గ చెప్పాలంటే అంబులెన్సుకు ముందూ వెనకా ఉరుకుతయి చూడు, ఆ బండ్ల గురించి.

మీల ఎంతమంది ఎప్పుడన్న అంబులెన్సు ముందు బైకు మీద పోయి జరుగు జరుగు అని ఒర్రిండ్రు? చేతులెత్తుండ్రి, ఏం కాదు, నా దగ్గర ఇప్పుడు చలాన్ మిషన్ లేదు. (నవ్వులు) ఒకటి, రెండు, ఆ మూలకు నాలుగు. ఎత్తనోళ్లు ఇంకా ఉంటరు. మంచి మనసుతోనే పోయిండ్రు, నాకు తెలుసు. మా పోలీసోళ్లకు దీంతోటే కష్టం, దొంగను పట్టుకుంటే బాధ ఉండదు, మంచోన్ని ఆపి నువ్వు తప్పు చేస్తున్నవ్ అని చెప్పుడు మస్తు కష్టం.

ఒక సాయంత్రం ముచ్చట చెప్త. క్లాక్ టవర్ సెంటర్ల నేను పాయింటు డ్యూటీల ఉన్న, బడులు కాలేజీలు వదిలే టైము, ఆటోలు, బస్సులు, పూల బండ్లు, మీకు తెలిసిందే. దూరంగ సైరన్ వినబడ్డది, నేను రెండు దిక్కులా ట్రాఫిక్ ఆపడానికి చెయ్యెత్తేలోపట్నే రెండు బైకులు వచ్చినయి, మొత్తం నలుగురు పిల్లలు, ఒక పిలగాడు వెనక ఫుట్‌రెస్టుల మీద నిలబడి ఎర్ర టవల్ తిప్పుతుండు, ఇంకొకడు హారన్ మీద చెయ్యి తీస్తలేడు. జనం వాళ్లను చూసిండ్రు, ఏదో ర్యాలీ అనుకున్నరు, జరిగిండ్రు, బైకులు పోయినయి. ఒక పెద్దమనిషి సైకిల్ మీద పాల క్యాన్లు పెట్టుకొని ఒక పక్కకు ఆగిండు, బైకులు పోంగనే ఇగ అయిపోయింది అనుకొని సైకిల్ నడుపుకుంట రోడ్డు నడుమకు వచ్చిండు. ఆయన లెక్కల వచ్చేటోళ్లు వచ్చి పోయిండ్రు. అసలు బండి అప్పుడు వస్తున్నది.

పైలట్ బ్రేకు తొక్కిండు. 108ల డ్రైవర్‌ను పైలట్ అంటరు కదా, మంచోడు, చెయ్యి తిరిగినోడు, బండి ఆగింది, సైకిల్‌కు జానెడు దూరంల ఆగింది. పాలు పోయినయి గానీ పెద్దమనిషికి గీత కూడ పడలే. నేను ఉరికి పోయి వెనక డోర్ తెరిచిన, లోపల ఈఎంటీ అమ్మాయి, అంటే బండిల పేషంటును చూసుకునే ఆమె, మోకాళ్ల మీద పడి ఉన్నది, నుదురు పగిలి రక్తం కారుతున్నది, స్ట్రెచర్ రాడ్డుకు తగిలింది. ఎందుకంటే ఆమె సీట్ల బెల్టు పెట్టుకొని కూసోలేదు, పేషంటుకు సెలైన్ పట్టుకొని నిలబడ్డది, నిలబడకపోతే ఆ పని కాదు. పేషంటు పాము కరిచిన పిలగాడు, పత్తి చేన్ల నుంచి తెచ్చిండ్రు, ఆ నలుగురు వాని దోస్తులే. ఆ అమ్మాయి ఒక చెయ్యితోటి తన నుదురు పట్టుకొని ఇంకో చెయ్యితోటి వాని మాస్కు సరిచేస్తున్నది, సార్ డోర్ వేయుండ్రి పోవాలె అన్నది. అంతే, డోర్ వేసిన, బండి పోయింది.

ఆ పిలగాడు బతికిండు, ముందే చెప్తున్న, మీరు బుగులు పడకుండ్రి. గానీ అదే మాట పట్టుకొని ఆ నలుగురు మర్నాడు నా దగ్గరికొచ్చి మేము ముందు పోయినందుకే మావోడు బతికిండు సార్ అన్నరు. నేను వాళ్లమీద కేసు రాయలే. రాయకపోవుడు నా తప్పు, ఇయ్యాలటికీ అదే అనుకుంట. ఒక పేషంటు ఉన్న బండిల ఇద్దరు పేషంట్లను చేసిండ్రు, ఇంకో జానెడు పోతే ముగ్గురు.

ఇగ దీంట్ల లెక్క చూడుండ్రి, డిగ్రీ పిల్లలున్నరు కాబట్టి. బండి గంటకు 60 కిలోమీటర్ల స్పీడుల ఉన్నదంటే సెకనుకు దగ్గర దగ్గర 17 మీటర్లు పోతది. మీ బైకు అంబులెన్సుకు 10 మీటర్ల ముందు ఉన్నదనుకో, నువ్వు గుంత చూసి బ్రేకు కొట్టినవ్, ఆ 10 మీటర్లు దాటడానికి బండికి సెకను కూడ పట్టదు, వెనకున్న పైలట్ నీ బ్రేక్ లైటు చూసి కాలు కదిలించేలోపే నీ మీదికి వస్తడు. ఇంకోటి, నువ్వు ముందు దూరంగ పోతే ఇంకా కష్టం, ఇందాక చెప్పిన సైకిల్ పెద్దమనిషి లెక్క జనం నీకు దారి ఇచ్చి మళ్ల రోడ్డు మీదికొస్తరు. దగ్గరుంటే బండి కింద పడతవ్, దూరముంటే జనాన్ని బండి కింద పడేస్తవ్.

సరే, చట్టం ఏమంటది. కొంచెమే చెప్త. అంబులెన్సు, ఫైరింజన్ వస్తే రోడ్డు పక్కకు జరగాలె అన్న రూలు కొత్తది కాదు, 1989 రోడ్ రెగ్యులేషన్లల్లనే ఉన్నది, తర్వాత 2017ల డ్రైవింగ్ రెగ్యులేషన్లు వచ్చినయి, వాటిల్ల కూడ ఉన్నది. 2019ల మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 194ఇ అని కొత్త సెక్షన్ పెట్టిండ్రు, ఫైరింజన్‌కో అంబులెన్సుకో రాష్ట్ర సర్కారు చెప్పిన ఇంకో ఎమర్జెన్సీ బండికో దారి ఇయ్యకపోతే 6 నెలల దాక జైలు, లేకపోతే 10,000 రూపాయల జరిమానా, లేకపోతే రెండూ. మరి మా మీద ఎన్నడూ 10,000 పడలే కదా సార్ అని మీరు అడుగుతరు. 2019ల ఆ కొత్త జరిమానాలు మన రాష్ట్రంల అమలు చెయ్యబోమని అప్పటి సర్కారు అసెంబ్లీలనే చెప్పింది, అందుకే పుస్తకంల ఉన్న అంకె ఒకటి, మీకు రోడ్డు మీద కనబడే అంకెలు ఒకటి. అట్లని సెక్షన్ లేదనుకోకుండ్రి, పార్లమెంటు చేసిన చట్టం అది, రేపు నీవల్ల లోపలున్న మనిషికి ఏమన్న అయి ముచ్చట కోర్టుకు పోతే జడ్జిగారు చూసేది ఆ పుస్తకమే.

ఇప్పుడు అసలు ముచ్చట వినుండ్రి. ఆ సెక్షన్ల, ఆ రెగ్యులేషన్లల్ల దారి ఎవరికి ఇయ్యాలె అని రాసిండ్రు? సైరన్ మోగుతూ లైటు తిరుగుతూ పనిమీద పోతున్న ఆ బండికి. దాని ముందున్న బైకుకు కాదు, వెనకున్న స్విఫ్ట్ కారుకు కాదు, పేషంటు బామ్మర్దికి కాదు. ఎమర్జెన్సీ బండి జాగ్రత్తగ చూసుకొని రెడ్ లైటు దాటొచ్చు, నీకు ఆ వెసులుబాటు లేదు. రెడ్ లైటు దాటితే, రాంగ్ సైడుల పోతే అది 184 సెక్షన్, ప్రమాదకరంగ నడుపుడు, మొదటిసారికే 1,000 నుంచి 5,000 దాక జరిమానా లేదంటే 6 నెలల నుంచి ఏడాది జైలు అని ఉన్నది. ఎవరికన్న తగిలి పానం పోతే ఐపీసీ జాగల వచ్చిన కొత్త న్యాయ సంహిత 106 సెక్షన్ కింద కేసు, 5 ఏండ్ల దాక జైలు. అప్పుడు నేను అంబులెన్సుకు సాయం చేసిన సార్ అంటే స్టేషన్ల రైటరు రాసుకుంటడు, అంతే.

హారన్ ముచ్చట కూడ. నానా రాగాలు తీసే హారన్లు అంబులెన్సుకు, ఫైరింజన్‌కు, పోలీసు బండ్లకు, ఇట్లాంటి వాటికే, సెంట్రల్ మోటారు రూల్స్ 119ల ఉన్నది. పెండ్లి కారుకు సైరన్ పెట్టుకున్నోన్ని నేను ఆపితే, సార్ సౌండు బాగుంటదని పెట్టిన అన్నడు. సౌండు బాగుంటదా! ఎర్ర బుగ్గలైతే 2017 మే 1 నుంచి పెద్ద పెద్దోళ్ల కార్లకే తీసేసిండ్రు, మనకెందుకయ్యా. రోజూ దొంగ సైరన్లు వింటుంటే జనం చెవులు మొద్దుబారుతయి, అసలైంది వచ్చినప్పుడు ఇది కూడ ఎవడో లీడర్ కాన్వాయేమో అనుకుంటరు.

అంబులెన్సు నడిపే తమ్ముళ్లు కూడ ఇద్దరు ముగ్గురు ఉన్నట్టున్నరు, మిమ్మల్ని వదిలిపెట్టను. మా మేనల్లుడు జడ్చర్ల దిక్కు ప్రైవేటు అంబులెన్సు నడుపుతడు. ఒకనాడు ఇంటికొచ్చి మామా ఇయ్యాల పాలమూరు నుంచి మస్తు జల్దీ వచ్చిన అన్నడు, పేషంటు ఎవరురా అంటే ఎవరూ లేరు, ఖాళీ బండి, ఆకలైతుండె సైరన్ వేసుకొని వచ్చిన అన్నడు. అన్నం ముందట పెట్టుకొని తిట్టిన వాన్ని, మా చెల్లె అన్నం తిననియ్యి అన్నా అని మధ్యల వచ్చింది. ఖాళీ బండి సైరన్‌కు దారి ఇచ్చిన లారీ డ్రైవరు ఇంకోసారి ఇస్తడా?

ఇప్పుడు వెనకపోయే కార్ల సంగతి. దీంట్ల ఎవర్నో అనను, నన్నే అనుకుంట. మా అత్తమ్మకు పక్షవాతం వచ్చింది, నల్గొండల చూసి హైదరాబాద్ తీసుకపొమ్మన్నరు, అంబులెన్సుల అత్తమ్మను, మా ఆమెను ఎక్కించి వెనక కార్ల మేము పోతున్నం, మా బామ్మర్ది నడుపుతుండు, పక్క సీట్ల నేను. ట్రాఫిక్ ఏఎస్సైని! నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కినం, అంబులెన్సుకు దారి దొరుకుతున్నది, మేము దాని బంపర్‌కు అతుక్కొని పోతున్నం, హజార్డ్ లైట్లు వేసుకొని, మాకూ సైరన్ ఉన్నట్టే. పంతంగి టోల్‌గేటు కాడ కూడ అంబులెన్సు లైన్ల దూరినం, సిగ్గులేకుండ. చౌటుప్పల్ కాడ ఒక లారాయన అంబులెన్సుకు ఎడమకు జరిగి దారి ఇచ్చిండు, అది పోంగనే మళ్ల కుడికి తన లైన్లకు వచ్చిండు, వాని తప్పేం లేదు, వాడు ఒక్క బండికి దారి ఇచ్చిండు, దాని వెనక మేము ఉంటమని వానికేం తెలుసు. మా సైడు అద్దం పగిలి ఎగిరిపోయింది, తలుపు మొత్తం గీసుకపోయింది, బామ్మర్ది స్టీరింగు తిప్పకపోతే డివైడర్ ఎక్కేటోళ్లం. కారు ఆపుకొని ఇద్దరం ఐదు నిమిషాలు మాట్లాడుకోలే. వాడు మెల్లగ అన్నడు, బావా నువ్వు చెప్పొచ్చు కదా. ఏం చెప్పను, నేను పోనీ పోనీ అన్నోన్నే.

ఎందుకు అంత ఉరికినం అని తర్వాత ఆలోచించిన. మేము లేకపోతే దవాఖానల చేర్చుకోరేమో అన్న భయం. ఆధార్ కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు, పాత రిపోర్టులు, పైసలు, అన్నీ కార్ల నా బ్యాగుల ఉన్నయి! అందుకే ఇప్పుడు ఎవరన్న ఫోన్ చేస్తే మొదటిమాట ఇదే చెప్త. కాగితాలు, కార్డులు, కొన్ని పైసలు, చార్జింగు ఉన్న ఫోను, సంతకం పెట్టగలిగే ఒక మనిషి, ఇవన్నీ అంబులెన్సులనే ఎక్కాలె. మిగిలినోళ్లు చాయ్ తాగి రాండ్రి, నిజంగనే చెప్తున్న, చాయ్ తాగి రాండ్రి. నార్కట్‌పల్లి నుంచి నల్గొండకు ఇంచుమించు 20 కిలోమీటర్లు, 60ల పోతే 20 నిమిషాలు, 80ల పోతే 15. ఆ 5 నిమిషాలు లోపలున్న మనిషికి పనికొస్తయి, వెనకున్న కారుకు ఏం పని? సంక్రాంతి ముందు హైవే మీద ఆంధ్ర దిక్కు పోయే కార్లు ఎట్లుంటయో మీకు చెప్పే పని లేదు, ఆ రద్దీల ఒక్క అంబులెన్సు వెనక నాలుగు కార్లు దూరుతయి, ఐదో కారోడు వాళ్లకే దారి ఎందుకు అని అడ్డం పెడతడు, ఇగ వెనక వచ్చే రెండో అంబులెన్సుకు దారే ఉండదు.

మరి ఎస్కార్ట్ అసలే వద్దా సార్ అంటే, ఉంటది, అది పోలీసోళ్లు చేస్తరు. గ్రీన్ చానల్ అంటరు. 2021 ఫిబ్రవరి 2న మన పాత నల్గొండ జిల్లా రైతన్న ఒకాయన బ్రెయిన్ డెడ్ అయితే ఇంటోళ్లు అంత దుఃఖంల కూడ గుండె దానం చేసిండ్రు, ఆ గుండెను నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాక మెట్రో రైల్ల తీసుకపోయిండ్రు, 21 కిలోమీటర్లు అరగంట లోపలనే. ఎవడన్న రైలు ముందు టవల్ ఊపుకుంట ఉరికిండా? లేదు, స్టేషన్లల్ల ఆపకుండ ముందే ఖాళీ చేయించిండ్రు. రోడ్డు మీద కూడ అంతే, ఒక పాయింటు నుంచి బండి కదిలిందంటే వైర్‌లెస్ సెట్ల తర్వాతి పాయింటుకు చెప్తరు, వాడు రెండు దిక్కులా ట్రాఫిక్ ఆపి పెడతడు, బండి వచ్చేసరికి సెంటర్ ఖాళీ. మీ హారన్‌తోటి అది కాదు, ఒక్క ఫోన్‌తోటి అయితది. మీకు అంత ఆరాటం ఉంటే బైకు స్టార్ట్ చేసే బదులు 112కు ఫోన్ చేసి ఫలానా దారిల అంబులెన్సు వస్తున్నది, ఫలానా కాడ జామ్ ఉన్నది అని చెప్పుండ్రి. హైవే మీదయితే 1033. నలుగురు దోస్తుల్ల ఒకడు ఆ పని చేసి ఉంటే ఆనాడు నాకు సెంటర్‌ల రెండు నిమిషాల ముందు తెలిసేది.

ఇంకా దారి ఇయ్యనోన్ని పట్టుకొనుడు. అందరూ అంటరు పోలీసోళ్లు పట్టించుకోరని. నేను పాయింటుల ఒక్కన్నే ఉంట, అంబులెన్సుకు అడ్డం పెట్టినోన్ని వెంట పడితే సెంటర్ ఎవడు చూడాలె? పైలట్ బండి ఆపి కంప్లైంట్ రాసియ్యడు, ఇయ్యగూడదు కూడ. ఒక్క ఫోటోతోటి పని కాదు, ఫోటోల కారు అంబులెన్సు ముందు ఉంటది, నిజమే, గానీ వాని పక్కన జరగడానికి జాగ ఉన్నదా లేదా, సైరన్ మోగి ఎంతసేపయింది, అది ఫోటోల కనబడదు. వీడియో కావాలె, 10, 15 సెకన్లది, నంబర్ ప్లేటు కనబడాలె, ఎడమ పక్క జాగ కనబడాలె, సైరన్ వినబడాలె. అందుకే నేనంట, ప్రతి అంబులెన్సుకు ముందట కెమెరా పెట్టాలె, ఆ వీడియోలు వారానికోసారి ట్రాఫిక్ స్టేషన్‌కు రావాలె. దాంట్ల అడ్డం పెట్టినోడు దొరుకుతడు, ముందు ఉరికినోడు కూడ దొరుకుతడు. ఇద్దరి మీదా రాయాలె, నా లెక్క జాలిపడి వదిలిపెట్టగూడదు.

ఆటో అన్నలకు ఒక్కమాట, మీరు జరుగుతరు, కాదంటలేను, గానీ జరిగి ఆగరు. ఎడమకు జరుగుడు, సైరన్ పోంగనే దాని తోకను పట్టుకొని పోవుడు. జరిగినంక ఆగుండ్రి, అద్దంల చూడుండ్రి, వెనక ఇంకోటి వస్తున్నదేమో. స్కూల్ బస్సోళ్లు పాటలు కొంచెం తగ్గియ్యుండ్రి, అద్దాలు మూసి పాట పెట్టుకుంటే సైరన్ వెనక నుంచా ముందు నుంచా తెలవది. సరే, ఏమన్న అడిగేది ఉంటే అడుగుండ్రి.

(ఒక ఆటో డ్రైవరు: సార్, సిగ్నల్ కాడ ముందు నేనే ఉన్న, వెనక అంబులెన్సు వచ్చింది, జరగాలంటే గీత దాటాలె, కెమెరా ఫోటో కొడితే చలాన్ నాకే కదా?)

మంచిగ అడిగినవన్నా. పోలీసాయన ఉంటే ఆయన చెయ్యి చూడు, ఆయన రమ్మంటే రెడ్ ఉన్నా రావాలె. ఎవరూ లేకపోతే సెంటర్ మొత్తం దాటకు, ఎడమకు కోసుకుంట గీత మీద ఓ ఆటో పొడుగు ముందుకు పోయి ఆగు, దానికి సందు దొరుకుతది. చలాన్ పడితే ఈ-చలాన్ సైట్ల కంప్లైంట్ పెట్టే జాగ ఉంటది, తారీకు, టైము రాసి అంబులెన్సుకు జరిగిన అని పెట్టు, ఆ ఫోటోలనే వెనక అంబులెన్సు కనబడుతది. ఊకె పెట్టకుండ్రి మళ్ల, అంబులెన్సు లేని ఫోటోలకు.

(ఒక అమ్మాయి: సార్, మా ఊరికి 108 వచ్చేసరికి లేటయితదని కార్ల తీసుకపోతం, మాకు దారి ఇయ్యరా?)

చట్టంల నీ కారు ఎమర్జెన్సీ బండి కాదమ్మా, ఆ హక్కు లేదు. జనం ఇస్తరు, మేము కూడ ఇస్తం, లోపల పేషంటును చూసినంక ఏ కానిస్టేబులూ ఆపడు. గానీ 108కు ఫోన్ చేసి మేము ఫలానా రోడ్డుల కార్ల వస్తున్నం అని చెప్పు, దారిల ఎదురొచ్చి ఎక్కించుకుంటది, అప్పటి నుంచి ఆక్సిజన్ కూడ ఉంటది. ఇంకా యాక్సిడెంట్ అయినోన్ని తీసుకపోతే మీ మీద కేసు అయితదన్న భయం వద్దు, 134ఎ సెక్షన్ అందుకే పెట్టిండ్రు, నీ పేరు చెప్పాలని కూడ బలవంతం లేదు.

(వెనక నుంచి ఒక పిలగాడు: సార్, అంబులెన్సు, ఫైరింజన్ రెండూ ఒకేసారి వస్తే?)

(నవ్వులు) నవ్వకుండ్రి, రూల్సుల ఉన్నది అది. ముందు ఫైరింజన్, తర్వాత అంబులెన్సు, ఆ తర్వాత మా పోలీసు బండి. నా సర్వీసు మొత్తంల ఒక్కసారే చూసిన, ఎండకాలం, ఒక దిక్కు నుంచి ఫైరింజన్, ఇంకో దిక్కు నుంచి 108, సెంటర్ల ఎదురుపడ్డయి. ఇద్దరు డ్రైవర్లూ బ్రేకు వేసిండ్రు, ఫైరింజనాయన నువ్వు పో అని చెయ్యి ఊపుతుండు, పైలట్ నువ్వే పో అంటుండు, రెండు సైరన్లు మోగుతనే ఉన్నయి, బండ్లు మాత్రం కదులుతలేవు. నేను విజిలేసి ఫైరింజన్‌ను పంపిన.